తడి మీద తడి: బాబ్ రాస్ చేతిలో కెరటం ఎలా లేస్తుంది

సగం ఎపిసోడ్ అయ్యేసరికి బొమ్మ పాడైపోయిందనే అనిపిస్తుంది. పైన ఆకాశం చక్కగా కుదిరింది. దాని కింద స్కేలు పెట్టి గీసినట్టు సముద్రపు అంచు కూడా వచ్చింది. అక్కడితో ఆపేసినా బాగుండేదే. కానీ టీవీలో బొమ్మలు వేయడం నేర్పిన అమెరికా చిత్రకారుడు బాబ్ రాస్ ఆపరు. కింది సగంలో తెల్లరంగుతో రెండు మూడు వంకర గీతలు లాగి, వాటి మధ్య గుడ్డు సొన చిదిమినట్టు ఓ పసుపు మచ్చ పెడతారు. దాని చుట్టూ నలుపేమో అనిపించేంత ముదురు నీలాన్ని బరబరా రుద్దేస్తారు. చూసేవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. ఆయనకు మాత్రం తొందరేమీ ఉండదు. ఉడుతపిల్ల కబురేదో చెబుతూ పెద్ద బ్రష్ మూలతో ఆ మచ్చ అంచుల్ని నిమురుతారు, పసిపిల్ల తల దువ్వినట్టు. అర నిమిషంలో గుడ్డు సొన మాయమైపోయి, వెనక నుంచి ఎండ తగిలి లోపల వెలుగుతున్న కెరటం లేచి నిలబడుతుంది. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణంలో ‘అబ్బ’ అనకుండా ఉండలేం.

‘ది జాయ్ ఆఫ్ పెయింటింగ్’ అనే ఈ కార్యక్రమం అమెరికా పబ్లిక్ టెలివిజన్‌లో 1983 జనవరిలో మొదలై 1994 మేలో ముగిసింది. 31 సీజన్లు, 403 ఎపిసోడ్లు. ఒక్కొక్కటి అరగంట. ఖాళీ కాన్వాస్‌తో మొదలైన అరగంట సంతకం పెట్టిన తైలవర్ణ చిత్రంతో ముగుస్తుంది. రాస్ 1995లో, 52 ఏళ్ల వయసులో క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఇరవై ఏళ్ల తర్వాత, 2015 అక్టోబరు చివర్లో, ట్విచ్ అనే వేదిక ఈ ఎపిసోడ్లన్నిటినీ వరసపెట్టి ప్రసారం చేస్తే 56 లక్షల మంది చూశారు. యూట్యూబ్ పుణ్యమా అని ఇప్పుడు తెలుగిళ్లలోనూ ఆ గొంతు వినపడుతోంది. బొమ్మలు నేర్చుకోవడానికి పెట్టుకునేవాళ్లు కొందరు, నిద్ర పట్టడానికి పెట్టుకునేవాళ్లు కొందరు.

రాస్ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది చెట్టు. ఆ తర్వాత మంచుకొండ, దాని పక్కన చిన్న చెక్క ఇల్లు. 2014లో ఫైవ్‌థర్టీఎయిట్ వెబ్‌సైట్ ఆయన టీవీలో వేసిన 381 చిత్రాలనూ కూర్చుని లెక్క కట్టింది. నూటికి 91 చిత్రాల్లో కనీసం ఒక్క చెట్టయినా ఉంది. సముద్రం ఉన్నవి పదోవంతుకు కూడా రావు. అందుకే ఆయన సముద్రాల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. కానీ రాస్ పనితనం అసలు రంగు తెలిసేది సముద్రం దగ్గరే. చెట్టు దగ్గర చెయ్యి కాస్త తప్పినా కొమ్మ అటు తిరిగిందనుకుంటాం. కొండ అంచు వంకరపోతే రాయి అలాగే ఉందనుకుంటాం. కెరటం అలా ఒప్పుకోదు. నీళ్లు ఎటు జారాలో ప్రతి మనిషి కంటికీ తెలుసు. ఒక్క బ్రష్ దెబ్బ ఎదురు దిశలో పడితే ఆ అల నీళ్లలా ఉండదు, నీలం గుడ్డ మడతలా ఉంటుంది.

ఆయన పుట్టిందేమో సముద్రం ఒడ్డునే. 1942 అక్టోబరు 29న, ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో. అట్లాంటిక్ తీరంలో గట్టిపడిన ఇసుక మీద కార్లు నడిచే ఊరు అది. పెరిగింది మాత్రం సముద్రానికి కాస్త ఎడంగా ఉన్న ఓర్లాండోలో. తొమ్మిదో తరగతిలో చదువు ఆపి, వడ్రంగం చేసే తండ్రి దగ్గర పనికి కుదిరారు. ఎడమ చేతి చూపుడు వేలి కొస పోయింది ఆ పనిలోనే. రంగుల పలకను (పాలెట్‌ను) పట్టుకునే చెయ్యి అదే కావడంతో టీవీలో అది పెద్దగా కనపడదు. తర్వాత ఇరవై ఏళ్లు వైమానిక దళంలో చేశారు. అలాస్కాలో పోస్టింగ్ పడ్డాక జీవితంలో మొదటిసారి మంచునూ పెద్ద కొండలనూ చూశారు. వాటి మీద మనసు పారేసుకున్నారు. చిత్రాల్లో కొండలు అన్నేసి ఉండటానికి కారణం అదే. సముద్రం చిన్ననాటిది, కొండ ప్రేమించి తెచ్చుకున్నది. ఆయన కెరటాల్లో కనిపించే చనువు చూస్తే చిన్ననాటి పరిచయం ఎక్కడికీ పోలేదని అర్థమవుతుంది.

ఇక పద్ధతి సంగతి. మామూలుగా తైలవర్ణం అంటే ఓపిక. ఒక పూత వేసి, అది ఆరేదాకా రోజులు ఆగి, దాని మీద మరొకటి వేస్తారు. రాస్ వాడినది తడి మీద తడి పద్ధతి. ఇది ఆయన కనిపెట్టింది కాదు. ఐరోపాలో శతాబ్దాల నుంచీ ఉంది. డచ్చి చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్, ఆ తర్వాత ఇంప్రెషనిస్టులు బాగా వాడారు. రాస్ దీన్ని నేర్చుకుంది బిల్ అలెగ్జాండర్ దగ్గర. అప్పటి జర్మనీలోని తూర్పు ప్రష్యాలో పుట్టి, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఉత్తర అమెరికా చేరిన చిత్రకారుడాయన. 1974 నుంచి టీవీలో బొమ్మలు వేసి చూపించారు. అలెగ్జాండర్ గొంతు పెద్దది, ఉత్సాహం ఇంకా పెద్దది. బ్రష్‌తో కాన్వాస్ మీద యుద్ధానికి వెళ్లినట్టుండేవారు. శిష్యుడు ఆ పద్ధతినే తీసుకుని గొంతు మాత్రం తగ్గించారు. వైమానిక దళంలో కింది వాళ్ల మీద అరిచే ఉద్యోగం చేసీ చేసీ, అది వదిలాక ఇంకెప్పుడూ అరవకూడదని అనుకున్నట్టు రాస్ స్వయంగా చెప్పారు. తన పద్ధతిని శిష్యుడు పట్టుకుపోయాడని అలెగ్జాండర్ ఆ తర్వాత బాధపడ్డారు కూడా. ఆ బాధలో న్యాయం లేకపోలేదు. అయితే అదే అల గురువు చేతిలో ఒకలా, శిష్యుడి చేతిలో ఇంకోలా విరుగుతుంది.

ముందుగా కాన్వాస్ అంతా లిక్విడ్ వైట్ అనే పల్చటి, త్వరగా ఆరని తెల్ల నూనెరంగు పూస్తారు. చాలా పల్చగా, ఉందో లేదో తెలియనంతగా. దాని మీద ఏ రంగు పెట్టినా అది అక్కడే కూర్చోదు, జారి పక్క రంగులో కలుస్తుంది. పాలెట్ మీద కలపాల్సిన రంగులు కాన్వాస్ మీదే కలుస్తాయన్నమాట. కొండలు వేసేటప్పుడు ఈ జారుడు ఒక రకంగా ఇబ్బంది. రాయి గట్టిగా కనపడాలి, కింద రంగేమో తడిగా ఉంది. దాన్ని గెలవడానికి ఆయన రంగు పూసే కత్తి తీస్తారు, రంగు గట్టిగా వాడతారు. సముద్రం దగ్గరికి వచ్చేసరికి ఆ ఇబ్బందే వరమవుతుంది. నీళ్లను తడితోనే వేస్తున్నారు కదా! రంగు జారడం, అంచులు కరగడం, ఒకదానిలో ఒకటి కలిసిపోవడం, ఇవన్నీ నీళ్లు చేసే పనులే. ఆయన మొత్తం పద్ధతిలో వస్తువూ పనిముట్టూ ఇంతగా ఒక్కటైన చోటు మరొకటి లేదు.

మొదటి పని చూస్తే స్కూలు పిల్లల క్రాఫ్టు క్లాసులా ఉంటుంది. కాన్వాస్ అడ్డంగా ఒక మాస్కింగ్ టేపు అంటిస్తారు. దాని పై అంచే సముద్రానికీ ఆకాశానికీ హద్దు. ఇక ఆకాశం వేయడంలో భయమే ఉండదు. రెండంగుళాల బ్రష్ పట్టుకుని, గోడకు సున్నం కొట్టినంత ధీమాగా ఎక్స్ ఆకారంలో గీతలు కొట్టుకుంటూ పోతారు. టేపు మీదికి రంగు వెళ్లినా ఫర్వాలేదు. తర్వాత టేపును మెల్లగా లాగేస్తే ఆకాశం కింద నిక్కచ్చి గీత బయటపడుతుంది. రంగు పూసిన టేపు ఊడొస్తున్న ఆ నాలుగు సెకన్లూ చూడటానికి ఎంతో హాయిగా ఉంటాయి.

ఈ టేపు వెనక గట్టి కారణం ఉంది. సముద్రపు అంచు ఏ కొంచెం వాలినా చూసేవాడికి నీళ్లన్నీ ఒక పక్కకి ఒలికిపోతున్నట్టు అనిపిస్తుంది. ఒడ్డున నిలబడిన మనిషికి ఆ అంచు దాదాపు 5 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అంత దూరంలో ఎంత పెద్ద అలైనా గీతలో కలిసిపోతుంది. అందుకే ఆ గీత తిన్నగా ఉండి తీరాలి. చేతితో గీస్తే చెయ్యి వణుకుతుంది, సరిచేయబోతే తడిరంగు చెదురుతుంది. ఇంట్లో కూర్చుని మొదటిసారి బ్రష్ పట్టినవాళ్లు అక్కడే ఓడిపోతారు. రాస్ ఆ ఓటమిని టేపుతో ముందే తీసేశారు. ఇలాంటి సాయాలను కొందరు చిత్రకారులు చిన్నచూపు చూస్తారు. ఆ చిన్నచూపులో అర్థం లేదు. తాపీ మేస్త్రి గోడకు తూకందారం పట్టుకున్నప్పుడు ఆయన పనితనాన్ని ఎవరూ తక్కువ చేయరు.

కెరటం కన్ను

అంచు కుదిరాక నీళ్లు. దూరపు నీళ్లకు ముదురు నీలం, ఆకుపచ్చ కలిపి అడ్డంగా లాగుతారు. విసనకర్రలా విచ్చుకున్న ఫ్యాన్ బ్రష్‌తో తెల్లరంగు తీసుకుని, అంచుకు కాస్త దిగువన చిన్నచిన్న గీతలు పెడతారు. తర్వాత ఆ గీత పై అంచును మాత్రమే పట్టుకుని వెనక్కి లాగుతారు. కింది అంచు అలాగే ఉంటుంది. అంతే, గీత కాస్తా అలవీపు అవుతుంది. దూరంగా ఉన్నవాటిని దగ్గరదగ్గరగా, సన్నగా పెడతారు. ఇవతలికి వచ్చే కొద్దీ ఎడం పెరుగుతుంది, గీత లావవుతుంది. నాలుగైదు గీతల్లో మైళ్ల లోతు వచ్చేస్తుంది. మాటల్లో చెబితే ఇంత పెద్దదైంది కానీ ఆయన చేతికి ఇది ఒకటిన్నర నిమిషం పని.

అసలు ఘట్టం పెద్ద కెరటం. అది పైకి లేచి, వంగి, విరగబోయే ముందు దాని పైభాగంలో వెలుగుతూ ఉండే పల్చటి చోటును ఆయన కెరటం కన్ను అంటారు. దీన్ని వేసే వరస గమనించాలి. ముందు తెలుపుతో అల ఆకారాన్ని ఊరికే గుర్తు పెట్టుకుంటారు. కన్ను రావాల్సిన చోటు శుభ్రంగా వదిలేస్తారు. అందులో కాడ్మియం యెల్లో కలిపిన తెలుపును, గుండ్రటి కొన ఉన్న ఫిల్బర్ట్ బ్రష్‌తో గట్టిగా రుద్దుతారు. అప్పుడు గానీ చుట్టూ ముదురు రంగు వేయరు. ఈ వరస తిరగబడితే కెరటం చచ్చిపోయినట్టే. ముదురు నీలం ముందు వేసి దాని మీద పసుపు పెడితే నీలం పసుపును మింగేస్తుంది, బురదాకుపచ్చ మిగులుతుంది. లేతరంగు ముందు, ముదురు తర్వాత, చివరగా రెండింటి మధ్య పొడిబ్రష్ మూలతో గాలి తగిలినంత మెల్లగా గుండ్రటి నిమురుడు. పసుపు చుట్టూ లేతాకుపచ్చ, దాని చుట్టూ నీలాకుపచ్చ, ఆ పైన ముదురు నీలం, ఏది ఎక్కడ మొదలైందో చెప్పలేనట్టు వస్తాయి. నాలుగు రంగుల్లో రెండింటిని మాత్రమే ఆయన వేశారు. మిగతా రెండూ తడి వేసింది.

ఈ కన్ను టీవీ కోసం కల్పించిన అందమేమీ కాదు. అల ఒడ్డుకు వచ్చే కొద్దీ కింద లోతు తగ్గుతుంది. వేగం తగ్గి, నీరు ఒకచోట పోగుపడి, అల ఎత్తుగా, నిటారుగా లేస్తుంది. నీటి లోతు అల ఎత్తుకు ఒకటింపావు రెట్లు అయ్యే చోట, ఇంచుమించుగా, పైభాగం కింది భాగాన్ని దాటిపోయి విరుగుతుంది. విరిగే ముందు తల దగ్గర నీటి మందం బాగా పల్చబడుతుంది. సూర్యుడు అవతలి వైపు ఉంటే వెలుతురు ఆ పల్చటి గోడ గుండా ఇటు వస్తుంది. నీరు ఎరుపును ఎక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి మన దాకా చేరేది ఆకుపచ్చ, నీలం. కింద మందం ఎక్కువ కాబట్టి అక్కడ చీకటి. రాస్ బొమ్మలో పసుపు నుంచి ఆకుపచ్చకీ, నీలానికీ, నలుపుకీ వెళ్లే వరస అచ్చంగా నీటి మందం పెరిగే వరసే. ఆయన భౌతికశాస్త్రం మాట ఎత్తరు. చెయ్యి మాత్రం ఆ శాస్త్రాన్ని పాటిస్తుంది.

దీన్ని పరీక్షించుకోవడానికి ఫ్లోరిడా దాకా వెళ్లక్కర్లేదు. డేటోనా బీచ్ లాగే మన కోస్తా కూడా తూర్పు ముఖంగా ఉంది. రెండు చోట్లా పొద్దు సముద్రం మీద నుంచే పొడుస్తుంది. విశాఖ ఆర్కే బీచ్‌లో ఉదయం ఆరున్నర, ఏడు మధ్య నిలబడి, నీళ్లు తేటగా ఉన్న రోజున విరగబోయే అల తల వైపు చూస్తే చాలు. ఒక్క లిప్తపాటు అక్కడ లేతాకుపచ్చ దీపం వెలిగి ఆరిపోతుంది. సాయంత్రం వెళ్తే అది దొరకదు. అప్పటికి సూర్యుడు కొండల వైపు, మన వీపు వెనక ఉంటాడు. అల ముందు నుంచి వెలుగుతుందే తప్ప లోపలి నుంచి వెలగదు. రాస్ కెరటాలన్నిటిలోనూ వెలుతురు వెనక నుంచే ఎందుకు వస్తుందో, ఆకాశంలో ఆ అల వెనకే తెల్లటి చోటు ముందే ఎందుకు వదిలిపెడతారో అప్పుడు తెలిసొస్తుంది.

కన్ను కుదిరాక దాని మీదుగా నీళ్లు జారాలి. ఫ్యాన్ బ్రష్‌కు తెలుపు పట్టించి, తల మీద ఆనించి, అల వంపు వెంట కిందికి లాగుతారు. ఇక్కడ ఆయన మాట కూడా కాస్త జాగ్రత్తపడుతుంది. నీళ్లు పోయే దిక్కునే బ్రష్ పోవాలని రెండు మూడుసార్లు చెబుతారు. మిగతా చోట్ల నీ ప్రపంచం నీ ఇష్టం అనే మనిషి, ఇక్కడ మాత్రం ఇష్టానికి వదలరు. నోటి నుంచి ‘హూష్’ అని ఒక శబ్దం కూడా చేస్తుంటారు, చిన్నపిల్లలు బండి నడుపుతూ చేసినట్టు. నవ్వొస్తుంది. అయితే ఆ శబ్దంలోనే పాఠం ఉంది. చేతి వేగం ఎంతుండాలో, ఎక్కడ మొదలై ఎక్కడ తేలిపోవాలో ఆ ఊపిరి నిడివి చెప్పేస్తుంది.

నురగ ఆయన ప్రతిభకు ఇంకో సాక్ష్యం. నురగ తెల్లగా ఉంటుంది కదా అని తెల్లరంగు దిద్దితే అది దూదిలా ఉంటుంది. రాస్ ముందు నురగ నీడను వేస్తారు. అలిజరిన్ క్రిమ్సన్ అనే కెంపురంగులో నీలం, తెలుపు కలిపితే వచ్చే లేత వంగపండు ఛాయ అది. అల విరిగిపడిన చోటంతా ఆ నీడను గుండ్రంగా పొడుస్తూ పోతారు. తర్వాత, పసుపు చుక్క తగిలిన తెలుపుతో పై అంచులకు మాత్రమే వెలుతురు అద్దుతారు. ఆ రెంటి మధ్యనా మళ్లీ మెల్లటి నిమురుడు. నురగకు ఒళ్లు వస్తుంది, బరువు వస్తుంది. వెచ్చని వెలుతురు పక్కన నీడ ఊదాగా కనపడటం మన కంటికి సహజం. ఆ నీడ ఉండబట్టే తెలుపు అంత తెల్లగా మెరుస్తుంది. ముగ్గు గచ్చు మీద మెరవడానికీ గోడ మీద మెరవకపోవడానికీ ఉన్న తేడాయే ఇది.

రాళ్ల సంగతి పెద్దగా చెప్పుకోనక్కర్లేదు. అవి ఆయన కొండలకు చిన్న తమ్ముళ్లు, అదే కత్తి, అదే గోధుమరంగు. ఒడ్డు మాత్రం చూడాలి. గోధుమరంగు ఇసుకను అడ్డంగా వేసి, అది తడిగా ఉండగానే కాస్త తెలుపును నిట్టనిలువునా కిందికి లాగి, వెంటనే అడ్డంగా ఒక్కసారి తుడుస్తారు. ఇసుక తడిసి అద్దంలా మెరుస్తుంది. నీళ్లు వెనక్కి పోయాక కాళ్ల కింద ఒకటి రెండు క్షణాలు ఉండే మెరుపు సరిగ్గా అలాగే ఉంటుంది. ఇక వచ్చి ఆగిన నీటి అంచుకు లిక్విడ్ వైట్‌తో ఒక వంకర గీత. దాని కింద, వెంట్రుక మందంలో, గోధుమరంగు నీడగీత. ఈ రెండో గీత పడనంతసేపూ నీళ్లు కాగితానికి అంటించినట్టుంటాయి. పడగానే నీటికి మందం వస్తుంది, ఇసుక మీద నిజంగా పాకుతున్నట్టు ఉంటుంది. ఆ ఒక్క గీత కోసం ఎపిసోడ్ మొత్తం చూడొచ్చు.

బ్రష్‌కు దయ్యం వదిలించడం

రంగు మార్చినప్పుడల్లా బ్రష్ కడగాలి. రాస్ దాన్ని పండగలా చేస్తారు. థిన్నర్ డబ్బాలో ముంచి, కింద ఉన్న జాలికి రాసి, బయటికి తీసి దులిపి, కాన్వాస్‌ను నిలబెట్టే ఈజిల్ కాలుకేసి టపటపా బాదుతారు. బ్రష్‌కు పట్టిన దయ్యాన్ని వదలగొడుతున్నానంటూ నవ్వుతారు. స్టూడియోలో ఆ పక్కనున్నవాళ్ల మీద తుంపరలు పడతాయి. కార్యక్రమం మొత్తంలో ఆయన పెద్దగా చప్పుడు చేసేది అప్పుడే. మన దగ్గర దయ్యం వదిలించే మాట అందరికీ తెలిసిందే కాబట్టి తెలుగువాళ్లకు ఇది ఇంకా బాగా తగులుతుంది.

నవ్వు అటుంచితే ఆ బాదుడు లేకుండా కెరటమే లేదు. బ్రష్‌లో థిన్నర్ ఏ మాత్రం మిగిలినా అది కాన్వాస్ మీది తడిరంగును కరిగించి చారికలు చేస్తుంది. కన్ను చుట్టూ నిమరడానికి బ్రష్ శుభ్రంగా, పొడిగా ఉండాలి. లేకపోతే పసుపు మీదికి నీలం మరక ఎక్కుతుంది. గట్టిరంగు మీద పల్చని రంగే అంటుకుంటుందన్నది ఆయన పదేపదే చెప్పే సూత్రం. మిగతా అంతా ఆ సూత్రం చుట్టూ కట్టిన క్రమశిక్షణ. తప్పులంటూ లేవు, సంతోషంగా జరిగిన పొరపాట్లే ఉన్నాయని చెప్పే మనిషి నిజానికి పొరపాటుకు చోటు లేకుండా ముందే సిద్ధమై వచ్చేవారు. ప్రతి ఎపిసోడ్ చిత్రాన్నీ మూడుసార్లు వేసేవారు. ఒకటి ముందే వేసుకుని కెమెరాకు కనపడని చోట పెట్టుకునేవారు. రెండోది మన ముందు వేసేది. మూడోది తర్వాత తీరిగ్గా, పుస్తకం కోసం. ఇండియానా రాష్ట్రం మన్సీ పట్టణంలోని స్టూడియోలో ఒక సీజన్‌కు కావాల్సిన 13 ఎపిసోడ్లూ రెండు మూడు రోజుల్లోనే చిత్రీకరించేసేవారు. గొంతులో ఉన్న తీరిక చేతికి ఎక్కడిది? ఆ తీరిక మనకిచ్చినది, ఆయన చెయ్యి గడియారంతో పరిగెత్తుతూనే ఉండేది.

ఆయన సముద్రాల్లో లోటు లేదని కాదు. చాలా చిత్రాల్లో కెరటం ఒకటే, కన్ను ఒకటే, పక్కన రాళ్లు, ఇవతల ఇసుక. రెండు మూడు చూశాక నాలుగోది ఎలా ఉంటుందో చెప్పేయవచ్చు. పడవలు అరుదు, మనుషులు దాదాపుగా లేరు. సముద్రం మనిషిని భయపెడుతుందని ఆ చిత్రాలు ఎక్కడా ఒప్పుకోవు. 19వ శతాబ్దపు సముద్ర చిత్రకారుడు ఇవాన్ అయివజోవ్‌స్కీని పక్కన పెట్టి చూస్తే ఈ తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. నల్లసముద్రం ఒడ్డున ఫియొదోసియాలో పుట్టిన ఆయన కూడా అలలను ఎదురుగా కూర్చుని వేయలేదు. స్టూడియోలో జ్ఞాపకం నుంచి, వేగంగా వేసేవారు. ఆయన కెరటాల్లోనూ వెలుతురు వెనక నుంచే చొచ్చుకొస్తుంది. 1850లో వేసిన ‘తొమ్మిదో కెరటం’లో ఆ వెలుతురు కింద ఓడ మునిగి, విరిగిన కొయ్యను పట్టుకుని మనుషులు వేలాడుతుంటారు. మెరుగు, లోతు, విస్తృతి, ఏది తీసుకున్నా అయివజోవ్‌స్కీ చాలా పెద్ద చిత్రకారుడు. అందులో సందేహం లేదు.

అయినా రాస్ కెరటం చేసే పని వేరు. అది ప్రదర్శనశాల గోడకు వేలాడటానికి లేవలేదు. వేసిన చిత్రాల్లో వెయ్యికి పైగా ఇప్పటికీ వర్జీనియాలో ఆయన పేరిట ఉన్న సంస్థ దగ్గరే పెట్టెల్లో ఉన్నాయి. 2019లో కొన్నిటిని స్మిత్‌సోనియన్ వారి అమెరికా చరిత్ర మ్యూజియం తీసుకుంది. వాటికి అసలు గోడ టీవీ తెర. ఆ తెర అవతల పెళ్లై, పిల్లలై, చేతిలో బ్రష్ ఏనాడూ పట్టని మనిషి ఒకరు కూర్చుని, ఇది నా వల్ల కూడా అవుతుందేమో అనుకోవాలి. అలాంటివాళ్లకు మునిగిపోతున్న ఓడతో పాఠం మొదలుపెట్టలేరు. అలను చూసి భయపడకుండా ఉండటమే వాళ్లకు మొదటి మెట్టు. రాస్ తన సముద్రాన్ని సాధువుగా ఉంచింది ఆ విద్యార్థి కోసమే. ఆ ఎంపిక సరైందే.

చూసి ఊరుకోలేక ఇంట్లో మొదలుపెట్టేవాళ్లు మన దగ్గర తరచూ ఒకేచోట దెబ్బ తింటారు. స్టేషనరీ షాపులో సులువుగా దొరికే అక్రిలిక్ రంగులు తెచ్చుకుంటారు. వాసన ఉండదు, నీళ్లతో కడిగేయవచ్చు, పైగా చవక. కానీ అక్రిలిక్ నిమిషాల్లో ఆరిపోతుంది. మే నెలలో, ఫ్యాన్ కింద, ఇంకా త్వరగా. పసుపు మచ్చ పెట్టి, నీలం రుద్ది, బ్రష్ తుడుచుకుని వచ్చేసరికి రెండూ గట్టిపడి కూర్చుంటాయి. ఎంత నిమిరినా కన్ను తెరుచుకోదు. తమ చేతిలో కళ లేదనుకుని బ్రష్ అటక మీద పడేసినవాళ్లు ఎందరో. లోపం చేతిది కాదు, అక్కడ తడి లేదు. నూనెరంగులతో, కిటికీలు తెరిచి, మళ్లీ ఒకసారి ప్రయత్నించాలి. మామూలు ట్యూబుల్లో వచ్చే నూనెరంగు రాస్ వాడినంత గట్టిగా ఉండదు కాబట్టి కాస్త రంగును కాగితం మీద అరగంట పరిచి నూనె పీల్చనిస్తే పని తేలికవుతుంది.

ఎపిసోడ్ చివరి నిమిషంలో రాస్ సన్నటి లైనర్ బ్రష్‌ను ఎర్రరంగులో ముంచి ఓ మూలన తన పేరు రాస్తారు. దేవుడి ఆశీస్సులు చెప్పి సెలవు తీసుకుంటారు. కెమెరా మెల్లగా కాన్వాస్ మీదికి వెళ్లి కాసేపు అక్కడే ఆగుతుంది. చూసేవాళ్లకు బొమ్మ పూర్తయినట్టే. నూనెరంగు ఆరడానికి మాత్రం ఇంకా రోజులు పడుతుంది. లైట్లు ఆపేసి అందరూ వెళ్లిపోయాక కూడా ఆ స్టూడియోలో కెరటం తడిగానే ఉంటుంది. దాని కన్ను దగ్గర వేలు పెడితే పసుపు, నీలం రెండూ అంటుకొస్తాయి.